రంగులమారి

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎర్రపూలు పూశాయి. మొక్కలు పెంచి అమ్ముకునే ఇంట్లో పూలు పూయక పుట్టగొడుగులు మొలుస్తాయా అని మీరు నవ్వచ్చు. మొదటిరోజు నేనూ నవ్వాను. నవ్వడమే కాదు, అత్తయ్యని కేకేసి మరీ చూపించాను.

మాది సాల్వియాల ఇల్లు. తక్కిన నర్సరీల వాళ్ళు వంద రకాలు పెట్టుకుంటే మా అత్తయ్య పొద సాల్వియా ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంది. మోకాలెత్తు పొద, అడుగున గట్టిపడిన కాడలు, వేలిగోరంత ఆకులు. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన మా బట్టల్లో, దిళ్ళలో, ఆఖరికి తాగే టీలో కూడా ఉండేది. హోటళ్ళ వాళ్ళూ ఆఫీసుల వాళ్ళూ గుమ్మాల ముందు పెట్టుకోవడానికి కుండీలు పట్టుకెళ్ళేవాళ్ళు. వాటిలో కూడా ఆవిడకి ఒక రకం అంటే ప్రాణం. దాని పువ్వు పైన తెలుపు, కింది రేక ఎరుపు. చలి పడితే పువ్వు మొత్తం ఎర్రగా విచ్చుకుంటుంది. ఎండలు ముదిరితే చుక్క ఎరుపు లేకుండా తెల్లగా విచ్చుకుంటుంది. ఆవిడ దానికి రంగులమారి అని పేరు పెట్టింది.

"పేరు అలా పెట్టాను గానీ, నా కొడుకు కంటే నయమే" అనేది నాతో. "లోపలున్నదేదో పైకి చెప్తుంది."

పెరటి గోడ దగ్గర మొదలై, నీళ్ళ తొట్టి పక్కగా, వంటింటి కిటికీ కిందుగా, మా పిచ్చుక పడుకునే గది కిటికీ దాకా ఇరవై రెండు రంగులమారి కుండీలు వరసగా ఉండేవి. పిచ్చుక మా అమ్మాయి. అప్పటికి ఆరేళ్ళు. అసలు పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. అత్తయ్య గది వీధి వైపు, ఈ వరసకి దూరంగా ఉండేది. ఇరవై రెండు కుండీలూ ఒకే తల్లిమొక్క నుంచి కొమ్మలు తుంచి ఇసకలో నాటి వేళ్ళు పోయించినవి. కాబట్టి ఒకటి తెల్లగా పూస్తే అన్నీ తెల్లగానే పూయాలి. ఇదేం పెద్ద శాస్త్రం కాదు, మా ఇంట్లో పిల్లకి కూడా తెలుసు.

ఆ పొద్దున నీళ్ళు పోయడానికి వెళ్ళేసరికి పెరటి గోడ దగ్గరి మొదటి కుండీ నిండా ఎర్రపూలు. మిగతా ఇరవై ఒకటీ తెల్లగా ఉన్నాయి. అప్పటికి పది రోజులుగా ఎండలు ఎలా ఉన్నాయంటే, కుళాయి తిప్పితే కాగిన నీళ్ళు వచ్చేవి.

"అత్తయ్యా, మీ ముద్దుల రంగులమారికి మతి పోయింది, రండి చూద్దురుగాని!"

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసింది. వంగి కుండీ అంచు మీద అరచెయ్యి ఆనించి, కాలినట్టు చటుక్కున తీసేసింది. నేనూ ముట్టుకుని చూశాను. ఫ్రిజ్జులోంచి తీసిన సీసాలా ఉంది. ఆ మొక్క చుట్టూ ఒక మనిషి నిలబడేంత మేర చల్లగా ఉంది. పక్కకి అడుగేస్తే మళ్ళీ కొలిమి.

"భలే ఉందే! ఇక్కడో కుర్చీ వేసుకుంటే..." అన్నాను.

"కూర్చోకు. కుండీని కదపకు. నీళ్ళు పోసి వచ్చెయ్."

మాటకి ముందు వేళాకోళం ఆడే మనిషి. ఆ రోజు ఇంకో ముక్క మాట్లాడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నా మొద్దు బుర్రకి తట్టలేదు.

మర్నాడు మొదటి కుండీలో కొత్తగా విచ్చినవి తెల్లగా ఉన్నాయి. రెండోది ఎర్రబడింది. ఆ మర్నాడు మూడోది. రోజుకొకటి, ఒక్కటి కూడా వదలకుండా. చల్లదనం కూడా వాటితో పాటే జరిగేది. నిన్నటి కుండీ దగ్గర ఇవాళ నిలబడితే అరికాళ్ళు చుర్రుమనేవి.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. దేనికైనా కారణం దొరక్కపోతే ఆయనకి అన్నం సయించదు. గోడకి తగిలించే థర్మామీటరు ఒకటి తెచ్చి ఎర్రకుండీ దగ్గర పెట్టాడు. పంతొమ్మిది చూపించింది. పక్క కుండీ దగ్గర నలభై రెండు. "ఇది పాడైంది" అని ఇంకోటి తెచ్చాడు. కాసేపటికి అది కూడా పాడైందన్నాడు. తర్వాత నేల కింద పైపు కారుతోందని తేల్చేసి, ఆరో కుండీని ఎత్తి అవతల గోడ దగ్గర పెట్టి, గడ్డపార అందుకున్నాడు. మోకాలు లోతు తవ్వినా పొడి దుమ్ము తప్ప తడి అన్నది లేదు. తమాషా ఏంటంటే, చల్లదనం కూడా కుండీతో పాటు అవతల గోడ దగ్గరికి పోయింది. తవ్విన గోతిలో వేడి సెగ.

"నాన్నేమోనే అమ్మా" అన్నాడు ఆయన చెమట తుడుచుకుంటూ. మామయ్య ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, మా ఆయన చిన్నప్పుడే పోయాడు. "ఇంటికి రాగానే ఆ చల్లటి చేతులు నా మెడ మీద పెట్టి ఏడిపించేవాడు, నాకు గుర్తుంది."

"మీ నాన్నకి ఇంత నెమ్మది ఎక్కడేడ్చింది? వస్తే గేటు తన్నుకుంటూ వచ్చేవాడు."

మేమిద్దరం పడీపడీ నవ్వాం. అత్తయ్య నవ్వకుండా వెళ్ళి ఆ కుండీని తనే మోసుకొచ్చి మళ్ళీ దాని చోట పెట్టింది. మర్నాడు ఏడోది ఎర్రబడింది. మధ్యలో కదిపారన్న సంగతే దానికి పట్టలేదు.

పదిహేనో కుండీ వంటింటి కిటికీ కింద ఉండేది. అది ఎర్రబడిన పొద్దునే పిచ్చుకకి ఒళ్ళు కాలింది.

ఎండదెబ్బ అనుకున్నాం. తడిగుడ్డ వేశాం, బార్లీ నీళ్ళు పట్టాం. మూడోరోజుకి డాక్టరమ్మ వచ్చి నాలుక చూసి, పొట్ట నొక్కి, రక్తం తీయించింది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. మందు వేస్తే గంటసేపు తగ్గి, ఇంకో రెండు మెట్లు ఎక్కువ పెరిగేది. రోజంతా కిచకిచలాడే పిల్ల, మాటలన్నీ మింగేసి పైకప్పు చూస్తూ పడుకునేది. నాకు వంట మీద, పని మీద, దేని మీదా ధ్యాస లేదు. పొద్దున లేవగానే బయటికి పరిగెత్తి, ఎర్రకుండీకీ పిల్ల కిటికీకీ మధ్య ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకునేదాన్ని. అయిదు. నాలుగు.

"అమ్మా, మంచం కిటికీ దగ్గరికి జరుపు" అంది ఆ రోజు. "అక్కడ చల్లగా ఉంటుంది."

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు." కళ్ళు మూసుకుంది. "రేపు ఇంకా చల్లగా ఉంటుంది."

మంచాన్ని గదిలో అవతలి మూలకి లాగేసి బయటికొచ్చాను. వరండాలో కొమ్మల కత్తెర మేకుకి వేలాడుతోంది. అంతే, నాకు ఒంటి మీద తెలివి లేదు. ఇరవై రెండు కుండీల్లో పువ్వన్నది, మొగ్గన్నది లేకుండా నరికేశాను. ఎండాకాలం నడిమధ్యలో సాల్వియాకి కత్తెర పెట్టకూడదు. పెట్టినా మూడోవంతు కొసలు తీయాలి గానీ ఆకులేని మోటు కాడల దాకా పోకూడదు. నేను మోటు దాకా పోయాను. పూలే లేకపోతే ఎరుపెక్కడిది, ఎరుపు లేకపోతే ఇంక అదెక్కడిది, ఇదీ నా తెలివి.

అత్తయ్య మందుల షాపు నుంచి వచ్చి ఆ పుల్లల వరస చూసింది. చేతిలో సంచీ కింద పెట్టి మెట్టు మీద కూలబడింది.

"పీడ వదిలించేశాను అత్తయ్యా" అన్నాను రొప్పుతూ.

"పీడ ఎక్కడ వదిలిందే పిచ్చిమొహమా? మన కళ్ళు మనమే పొడుచుకున్నాం. ఇన్నేళ్ళు వీటిని ఎందుకు పెంచాననుకున్నావు? అందానికా? అది ఎక్కడ నిలబడిందో ఇవి తప్ప ఇంకేం చెప్తాయే మనకి?"

"అది అంటే ఏదత్తయ్యా?"

"నాకేం తెలుసు? పేరు చెప్పి వచ్చిందా ఏమన్నా?" గొంతు తగ్గించింది. "మొక్క వెంట మొక్క పట్టుకుని వస్తుంది. మనిషి దగ్గరికి చేరాక ఆగుతుంది. ఎవరి దగ్గర ఆగితే వాళ్ళే. ఒకరి దగ్గర ఆగితే గాని పోదు."

"మీకెలా తెలుసు?"

"పెంచుతున్నానుగా" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. పువ్వు లేని చోట ఆ చల్లదనం చేతికి కూడా దొరకదని నాకు అప్పుడు తెలిసింది. చూపు లేనిదానిలా చేతులు ముందుకి చాపుకుని ఇల్లంతా తిరిగాను. వంటగది, వసారా, బీరువా పక్కన సందు, పిల్ల మంచం చుట్టూ. ఎక్కడ తడిమినా వేడిగాలే తగిలేది. అయినా ఏదో గదిలోకి నేను అడుగుపెట్టేసరికి అక్కడ ఎవరో అప్పుడే ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. మా ఆయన కూడా జోకులు మానేశాడు. "ఏమండీ, కాస్త ఇటు రండి" అంటే చాలు, ఉలిక్కిపడేవాడు.

రెండో సాయంత్రం, అది ఎక్కడుందో తెలుసుకోవడానికి, అత్తయ్య తల్లిమొక్కని తీయించింది. వెనక షెడ్డు నీడలో ఉండే పెద్ద సిమెంటు కుండీ అది. ఎవరికీ అమ్మం, ఎక్కడికీ పంపం. నా కత్తెరకి దొరకని రంగులమారి ఆ ఒక్కటే మిగిలింది. బరువు కుండీల్ని మేం ఎత్తం, తడి గోనెసంచి మీద పెట్టి లాగుతాం. తల్లీకొడుకులిద్దరూ లాక్కొచ్చి పిచ్చుక మంచం పక్కన పెట్టారు. దాని నిండా విచ్చడానికి సిద్ధంగా మొగ్గలున్నాయి.

తెల్లారేసరికి ఏడు పూలు విచ్చాయి. ఏడూ ఎర్రగా ఉన్నాయి. అంత ముదురు ఎరుపు చలికాలంలో కూడా నేను చూడలేదు. ముగ్గురం మంచం చుట్టూ నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

డాక్టరమ్మ వచ్చి, ఇంక ఇంట్లో ఉంచొద్దు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అంది. మధ్యాహ్నం మా ఆయన బండి మాట్లాడడానికి వెళ్ళాడు. తెల్లవార్లూ కూర్చున్న అత్తయ్యని నేనే బతిమాలి పడుకోమని పంపాను. ఇంట్లో చప్పుడు లేదు. పిచ్చుక నుదురు పెనంలా కాలుతోంది. పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పాదాలు కుండీ వైపు ఉన్నాయి. నేను అరచేతులతో రుద్దుతూనే ఉన్నాను, ఆ చలి చీలమండల నుంచి పిక్కల దాకా వచ్చింది.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. మంచిది కాదని నాకు ఆ క్షణమే తెలుసు. తర్వాత పశ్చాత్తాపపడ్డాను, అప్పుడు తెలియక చేశాను అని నేను ఎప్పుడూ చెప్పుకోలేదు, ఇప్పుడూ చెప్పను. కుండీని నా దగ్గరే పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఆ మాట నాకూ తోచింది. నేను పోతే పిల్లకి ఎవరు అనుకున్నాను. అలా అనుకోవడానికి పట్టింది ఎంతసేపు? ఒక చెంబెడు నీళ్ళు గోనెసంచి మీద పోసినంతసేపు.

అంత బరువు కుండీని ఒక్కదాన్నే లాగాను. చల్లదనం నా చేతుల మీదుగా మోచేతుల దాకా పాకింది. హాల్లో బానే జరిగింది. అత్తయ్య గది గుమ్మం దగ్గర సంచి ఇరుక్కుంది. కాలు గోడకి తన్ని పెట్టి, పళ్ళు బిగించి గుంజాను. ఒగర్పు ఆపుకోలేకపోయాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జడ ముడి ఊడి దిండు మీద పడింది. తెల్లజుట్టు, సన్నగా. కుండీని ఆవిడ తల దగ్గర వదిలి, సంచి లాక్కుని, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

పిచ్చుక పక్కన కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. నా ముంజేతి మీద తడి తగిలింది. పిల్ల నుదుటి నుంచి చెమట కారుతోంది. మెడ, వీపు, గౌను అంతా తడిసి ముద్దయింది. పాదాలు వెచ్చబడ్డాయి.

"మంచినీళ్ళు" అంది. తర్వాత చిరాగ్గా, "ఏంటమ్మా అంత గట్టిగా పట్టుకుంటావు, వదులు!"

మా ఆయన బండి తెచ్చేసరికి అది మంచం మీద లేచి కూర్చుని బిస్కట్టు తింటోంది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. కాసేపు పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చున్నాక కుండీ లేదని గమనించాడు.

"తల్లిమొక్క ఏదీ?"

నేను మంచినీళ్ళ గ్లాసు తీయడానికి వంగాను. ఈలోపు అత్తయ్య దుప్పటి కప్పుకుని గది గుమ్మంలోకి వచ్చింది.

"నా దగ్గరుందిరా. నేనే పెట్టించుకున్నాను. పిల్ల గదిలో ఆ ఘాటు వాసనేంటి, జ్వరంలో" అంది. నన్ను చూడలేదు. నలభై రెండు డిగ్రీల ఎండలో ఆ దుప్పటి ఏంటని మా ఆయన అడగలేదు. ఆ సంతోషంలో ఆయన కంటికి అది ఆనలేదు.

ఆవిడ ఇంకా పదకొండు రోజులు ఉంది. ఏ రోగమూ లేదు. డాక్టరమ్మ చూసి వయసు అంది. రోజురోజుకీ ఇంకో దుప్పటి కావాల్సొచ్చేది, అంతే. మొక్క ఆవిడ తల దగ్గరే ఉంది. పొద్దునే విచ్చిన ప్రతి పువ్వూ ఎరుపే. నాలుగోరోజు నేను కుండీ తీసేయబోతే "చెయ్యి వెయ్యకు" అని కసిరింది. ఉన్నన్నాళ్ళూ కూర్చోబెట్టి పని చెప్పింది. నేను నరికిన ఇరవై రెండింటిలో ఎన్ని చిగురు వేస్తాయో, మోటుకాడ బతికుందో లేదో గోరుతో గీకి ఎలా చూడాలో, నీళ్ళు ఎక్కువ పోసి ఎలా చంపొద్దో. నేను తల ఊపేదాన్ని. వేడి ఇటుక గుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టేదాన్ని. అన్నం కలిపి తినిపించేదాన్ని. ఆవిడ కళ్ళలోకి మాత్రం చూడలేకపోయేదాన్ని.

తొమ్మిదో రోజు ఇంక నా వల్ల కాలేదు.

"అత్తయ్యా, ఆ కుండీ..."

"ఊరుకోవే."

"లేదు, నన్ను చెప్పనివ్వండి. నేను కావాలనే..."

"నీ మొగుడికి ఏడేళ్ళప్పుడు ఇలాగే జ్వరం వచ్చింది" అంది ఆవిడ, ఎవరింటి సంగతో చెప్తున్నట్టు. "అప్పుడు మాకున్నది ఇదొక్క మొక్కే. రేకు డబ్బాలో, వాడి కిటికీలో. మంచి ఎండల్లో ఎర్రగా పూసింది. నాకేమీ తెలియదు. డబ్బా అటు జరిపితే చలి అటు పోతోంది, ఇటు జరిపితే ఇటు వస్తోంది, అంతవరకే తెలిసింది. పిల్లాడు చేతిలోంచి జారిపోతున్నాడు. మీ మామయ్య ఫ్యాక్టరీ నుంచి వచ్చి పడుకున్నాడు. డబ్బా తీసుకెళ్ళి ఆయన తల దగ్గర పెట్టాను."

ఆవిడ చెయ్యి నా చేతిలో ఐసుముక్కలా ఉంది.

"నిద్రపోతున్నాడనే అనుకున్నాను. పెట్టి వెనక్కి తిరిగానో లేదో, 'కాస్త అవతలకి జరుపు, చెయ్యి తగిలి పడిపోతుంది' అన్నాడు. కళ్ళు తెరవలేదు. జరిపి వచ్చేశాను. ఆ తర్వాత ఇరవై రోజులు ఆయనకి వండి పెట్టాను. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు."

అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మరి ఆ మధ్యాహ్నం మీరు?"

"పిల్ల దగ్గర కూర్చున్నంతసేపూ అదే ఆలోచించానే. నేనే లాక్కుపోదామని నాలుగుసార్లు లేచాను. నాలుగుసార్లూ మళ్ళీ కూర్చున్నాను. నాకూ భయమేగా." కాసేపు ఆయాసపడింది. "నువ్వు తెస్తుంటే చప్పుడు విన్నాను. గుమ్మం దగ్గర సంచి ఇరుక్కుంది చూడు, నీ ఊపిరి ఎగపోయింది. లేచి ఓ చెయ్యి వేద్దామనిపించింది. లేస్తే నువ్వు సిగ్గుపడి వెనక్కి లాక్కుపోతావని కదల్లేదు."

నేను ఆవిడ చెయ్యి మీద తల ఆనించి ఏడ్చాను. అవతలి గదిలోంచి పిచ్చుక ఆకలేస్తోందని ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది.

"వెళ్ళు" అంది అత్తయ్య, దుప్పటి మెడ దాకా లాక్కుంటూ. "పిల్లకి అన్నం పెట్టు."